ఎర్రది దాటేదాకా

పోస్ట్‌మన్ బాలమల్లు సైకిలు దిగి బడి గేటు దగ్గర నిలబడ్డాడంటే డ్రాయింగు సారుకు ఫారిన్ కవరు వచ్చిందని ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు. కైలాసం సారు బోర్డు మీద గీస్తున్న కుండను సగంలోనే వదిలేసి, సుద్ద చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ, చెయ్యి ముందే చాపుకుని వెళ్లిపోయేవాడు. ఆయన తిరిగొచ్చేసరికి గంట కొట్టేవారు. ఇన్నేళ్లలో ఈ బడిలో ఒక్క పిల్లవాడికీ కుండ అడుగు గీయడం రాలేదని హెడ్మాస్టరు ఎగతాళి చేసేవాడు.

ఆ రోజు కూడా నవ్వు ముఖంతోనే వెళ్లాడు. బాలమల్లు చేతిలో కవరు లేదు.

"సారూ, మీ అంబదాస్‌ను నిన్న పొద్దుగూకంగ పట్కపోయిండ్రు. వంతెన మీదికెంచి. అవతలి ఠాణల ఉంచిండ్రు."

కైలాసానికి ఒక్కడే కొడుకు. జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నాడు. నిన్న బంద్ కాబట్టి బస్సులు లేక స్నేహితుల గదిలో ఆగిపోయి ఉంటాడని ఇంట్లో అందరూ నిమ్మళంగా పడుకున్నారు.

"ఏం జేసిండు వాడు?"

"ఏం జెయ్యలే సారూ, గదే పరేషాన్. పొద్దందాక వంతెన మీద ఊకె నిలవడ్డడట. బంద్ నాడు వంతెన మీద నిలవడేదెవ్వలు? జేబుల ఒక కార్డు దొర్కింది. ఇంగ్లీషుల ఉన్నదట. వంతెన, ఎర్రది అని రాసున్నదని చాయ్ హోటల్ కాడ జవాన్లు అనుకుంటుంటే విన్న. మీ ఇంట్ల చెప్పే వస్తున్న."

కైలాసం గేటు ఊచ పట్టుకున్నాడు. ఆ కార్డు ఏదో ఆయనకు తెలుసు. మూడేళ్ల కింద యుగొస్లావియా నుంచి వచ్చింది. దాని మీద మూడే మూడు వాక్యాలు. ఒక వంతెన మీద నిలబడు. ఎర్రటిది ఏదైనా నిన్ను దాటిపోయేదాకా ఆగు. తరువాత వెళ్లిపో.

ఆ రోజుల్లో గోదావరికి అటూ ఇటూ ఉన్న రెండు జిల్లాల్లో ఎరుపు అనే మాటను ఠాణా దగ్గర పలకాలంటే మిరపకాయలు అమ్ముకునేవాడు కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేవాడు. అలాంటి మాటను అచ్చు వేయించిన కార్డు జేబులో పెట్టుకుని, అడవిలోని అన్నలు పిలుపిచ్చిన బంద్ నాడు, గోదావరి వంతెన మీద పొద్దంతా నిలబడ్డాడు తన కొడుకు. పోలీసులు ఏమనుకుని ఉంటారో చెప్పక్కర్లేదు. అట్లా ఠాణాకు పోయినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. అది కూడా ఆ జిల్లాల్లో పిల్లలకు సైతం తెలుసు.

బాలమల్లు సైకిలే లాక్కుని ఇంటి దారి పట్టాడు. తొక్కుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. సందుగ. విదేశాల కవర్లు దాచిన ఆ సందుగ పెట్టె మొత్తం తీసుకుపోయి సర్కిల్ సారు బల్ల మీద బోర్లించాలి. కార్డులు, కవర్లు, కవర్ల మీది స్టాంపులు, స్టాంపుల మీది ముద్రలు అన్నీ చూపించాలి. ఇవి బొమ్మలు సార్, ఇట్లాంటి బొమ్మలు ఇరవై ఏళ్ల నుంచి మా ఇంటికి వస్తున్నాయి సార్, మావాడి జేబులో ఉన్నది వాటిలో ఒకటి సార్ అని చెప్పాలి. అంత సాక్ష్యం చూసి కూడా ఎవరు నమ్మరు?

అసలు ఆ సందుగ కథ అరవై తొమ్మిదిలో మొదలైంది. తెలంగాణ గొడవలకు హైదరాబాదులో కాలేజీలు మూతపడ్డాయి. బొమ్మలు నేర్చుకుంటున్న కైలాసం ఇంటికి వస్తే తండ్రి మగ్గం గుంటలో కూర్చోబెడతాడని భయపడి, బొంబాయి మిల్లులో పనిచేసే మేనమామ దగ్గరికి పోయాడు. అక్కడ ఒక సాయంత్రం బొమ్మల ప్రదర్శన అని విని వెళ్తే, గుమ్మం దగ్గర ఒకాయన చేతిలో కార్డు పెట్టాడు. లోపల ఏమీ లేదు, ఈ కార్డే ప్రదర్శన, ఇంటికి తీసుకుపోండి అని దాని మీద అచ్చేసి ఉంది. వచ్చినవాళ్లు కొందరు తిట్టుకుంటూ పోయారు, కొందరు అక్కడే చింపి పారేశారు. కైలాసం మాత్రం ఆ కార్డును చొక్కా లోపల పెట్టుకుని మేనమామ ఉండే ఒంటిగది ఖోలీకి నడిచి వచ్చాడు. గీయకుండా, రంగు ముట్టుకోకుండా, ఒక మాట అచ్చేసి మన చేతిలో పెట్టి మిగతాది నీ ఇష్టం అన్నవాణ్ణి ఆయన అదే మొదటిసారి చూడటం. ఆ మత్తు ఇక దిగలేదు.

కార్డు వెనక ఉన్న చిరునామాకు ఉత్తరం రాశాడు. వాళ్లు ఇంకో నలుగురి చిరునామాలు పంపారు. అట్లా ఒకరి నుంచి ఒకరికి పోయి, పోలండు నుంచి, జపాను నుంచి, బ్రెజిలు నుంచి కవర్లు రావడం మొదలైంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే కుర్చీ నీడను ఫొటోలు తీసి కుట్టిన పుస్తకం. ఏ ఊరికీ పోని రైలుకు టికెట్టు. ఎన్నడూ జరగని సభకు ఆహ్వాన పత్రిక. మడతలు విప్పుకుంటూ పోతే గది నిండా పరుచుకునే కాగితం, దాని నిండా ఒక్కటే గీత. కైలాసం చేతులు కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుని, పీట మీద కూర్చుని వాటిని విప్పేవాడు. చూసిన తరువాత మళ్లీ అదే కవరులో పెట్టి, పురుగు పట్టకుండా ఎండిన వేపాకు వేసి, సందుగలో సర్ది తాళం వేసేవాడు. తాళంచెవి మొలతాడుకు ఉండేది. స్టాంపులు అడిగిన పిల్లలకు ఒక్కటి కూడా చించి ఇచ్చేవాడు కాదు. పద్మశాలి వాడకట్టులో ఆయన్ను చిత్తుకాగితాల సారు అనేవాళ్లు, మొదట వెనక, తరువాత ఎదురుగానే.

ఆ కార్డుల్లో చాలా వాటి మీద ఏదో ఒకటి చెయ్యమని ఉండేది. అట్లా నిలబడు, ఇట్లా నడువు, ఫలానాది ఎవరికైనా ఇవ్వు. కైలాసం ఒక్కటీ చెయ్యలేదు. చేతిలో పట్టుకుని తిరిగితే మూలలు నలుగుతాయని భయం.

సందులోకి తిరగగానే పొగ వాసన తగిలింది. వంట పొగ కాదు. కాగితం పొగ.

పెరట్లో నీళ్ల కాగు పొయ్యి ముందు భార్య బాలలక్ష్మి కూర్చుని ఉంది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. పక్కన సందుగ మూత వెల్లకిలా పడి ఉంది, తాళం రోకలితో పగలగొట్టినట్టుంది. లోపల వేపాకు తప్ప ఏమీ లేదు.

ఆమెను అనడానికి లేదు. జీపు చప్పుడైతే చాలు, ఆ వాడకట్టులో పొయ్యిలన్నీ వేళకాని వేళ రాజుకునేవి. కరపత్రమైనా, పాటల పుస్తకమైనా, ఎర్ర అట్ట వేసిన లెక్కల నోటుబుక్కైనా సరే, సోదాకు వచ్చేవాళ్లకు దొరక్కూడదు. పక్కింటి పిల్లవాణ్ణి పట్టుకుపోయినప్పుడు వాళ్లమ్మ పెళ్లి పత్రికలు కూడా కాల్చింది, వాటి మీద ఎరుపు అచ్చు ఉందని. కాగితం కనబడితే కొడుకు పోతాడు, కాగితం కాలితే కొడుకు బతుకుతాడు. ఆ తల్లులందరికీ తెలిసిన న్యాయం అదే. బాలమల్లు గుమ్మంలో మాట చెప్పి వెనక్కి తిరిగాడో లేదో బాలలక్ష్మి రోకలి అందుకుంది.

కైలాసం పరుగెత్తి పొయ్యిలో చెయ్యి పెట్టాడు. కాలింది. అయినా తీయలేదు. చేతికి వచ్చిన అట్టముక్క పట్టుకోగానే పొడిపొడిగా రాలిపోయింది.

"ఏం జేసినవే! గవే నా సాక్ష్యం! గవి బొమ్మలని సూపెట్టి పిలగాణ్ణి తెచ్చుకుందామని నేను ఉరికొస్తుంటె..."

"నాకేం ఎరుక!" బాలలక్ష్మి అరిచింది. "నీ కాయితాలే నా కొడుకును తిన్నయి. ఇరువై ఏండ్ల సంది పాముల పుట్టను ఇంట్ల పెట్టుకున్నట్టు పెట్టుకున్న. సోదాకొస్తె ఏం జెప్తవ్? గా రాతలు ఎవ్వలకన్న తెలుస్తయా? నీకన్న తెలుస్తయా?"

ఆయన బూడిదలో కట్టెపుల్లతో వెతికాడు. ఒక స్టాంపు మూల, దాని మీద పక్షి రెక్క. ఒక ఆహ్వాన పత్రిక అంచు. ఇరవై ఏళ్లు గుప్పెడు కూడా మిగలలేదు. అయితే నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆయన ఏడ్చింది సందుగ కోసం కాదు. సాక్షులందరినీ తన ఇంట్లోనే తగలబెట్టుకుని, ఇప్పుడు ఉత్త చేతులతో ఠాణాకు పోవాలి. పోయి ఏమని చెప్పాలి? బాలలక్ష్మికి కూడా తను చేసింది అప్పుడే అర్థమైంది. నెత్తి కొట్టుకుంటూ ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. ఒకరినొకరు పట్టుకుని, చిన్నపిల్లల్లాగా ఏడ్చారు ఇద్దరూ.

"ఒక్కటున్నది" అంది బాలలక్ష్మి కాసేపటికి, ముక్కు చీదుకుంటూ. "అత్త పుస్తకం. గది కాలవెట్టలే. రాముని పేరు ఎట్ల కాలవెడుత?"

కైలాసం తల ఎత్తాడు.

ఆ పుస్తకం పేరు ఎత్తితేనే ఆయనకు మూడేళ్లుగా కడుపు మండేది. యుగొస్లావియా చిత్రకారుడొకాయన పంపిన తెల్లని పుస్తకం అది. ఖద్దరు లాంటి గట్టి కాగితం, చేత్తో కుట్టిన అట్ట, లోపల అన్నీ ఖాళీ పేజీలు. చివరి పేజీలో మాత్రం అడుగున ఒక వాక్యం అచ్చేసి ఉంది. ఈ పుస్తకం పూర్తికాలేదు, ఎవరి చేతిలో ఉంటే వారు పూర్తి చెయ్యాలి. వెనక అట్టకు అతికించిన సంచిలో పన్నెండు కార్డులు. కైలాసం దగ్గర ఉన్నవాటిలో అంత అందమైనది ఇంకొకటి లేదు. వచ్చిన రోజు గూట్లో పెట్టి, అదే సాయంత్రం పరీక్షల డ్యూటీ పడి కరీంనగర్ పోయాడు. తిరిగి వచ్చేసరికి తల్లి గంగుబాయి కళ్లజోడు పెట్టుకుని, నీలిసిరా పెన్నుతో, వరసలు వరసలుగా శ్రీరామ, శ్రీరామ అని రాసుకుంటోంది. కార్డులున్న సంచిలో కుంకుమ పొట్లం పెట్టుకుంది.

"అవ్వా, నా పుస్తకాన్ని సంపినవ్ గదనే" అని గోల పెట్టాడు ఆ రోజు.

"రాయని పుస్తకం కొత్తదే గద కొడుకా. రామకోటికి పుస్తకం కావాలె అని ఎన్నిసార్లడిగిన నిన్ను? ఖాళీ పుస్తకం ఇంట్ల ఉంచుకుంటరా ఎవరన్న?" అంది ఆమె, తప్పేం చేశానో అర్థంకాక. ఆ తరువాత కైలాసం తల్లితో చాలా రోజులు మాట్లాడలేదు. పుస్తకం మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది. మనుమడు సాయంత్రాలు పక్కన కూర్చుని, ఆ కార్డులు ఒక్కొక్కటే తీసి తెలుగులో చెబుతుంటే బాపమ్మ నవ్వుతూ రాసుకునేది. సందుగ తాళం దాటి బయట తిరిగినవి ఈ ఇంట్లో అవి మాత్రమే.

గంగుబాయి దేవుని గూటి కింద కూర్చుని ఉంది. పుస్తకం ఒళ్లో ఉంది. కైలాసం వంగి అందుకోబోతే రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"సగం రాసిన రామకోటి ఇల్లు దాటొద్దు కొడుకా. ఠాణకు అసలే వద్దు."

"అవ్వా, నీ కాల్మొక్త. గిది సూపెట్టకపోతె పిలగాడు దక్కడు."

ముసలావిడ ఆయన ముఖం చూసింది. బొబ్బలెక్కిన చెయ్యి చూసింది. పుస్తకాన్ని కొంగులో చుట్టి, గోడ పట్టుకుని లేచింది.

"అట్లయితె నేను సుత వస్త. నేను లేకుంట గిది పోదు."

ఖాళీ ఇల్లు చూసి సోదాకొచ్చినవాళ్లు ఇంకేమనుకుంటారోనని బాలలక్ష్మిని ఇంట్లో ఉంచి, తల్లీకొడుకులు బస్సెక్కారు.

ఠాణా వరండాలో బెంచీ మీద పొద్దు నడినెత్తికి వచ్చేదాకా కూర్చున్నారు. లోపలి నుంచి ఏదైనా చప్పుడు వచ్చిందంటే కైలాసం లేచి నిలబడేవాడు. జవాను కూర్చోమంటే కూర్చునేవాడు. చివరికి సర్కిల్ ఇన్‌స్పెక్టరు జీపు దిగి, నేరుగా లోపలికి పోయి, ఇద్దరినీ పిలిపించాడు. బల్ల మీద అంబదాస్ జేబులో దొరికిన కార్డు ఉంది. దాని మూల నలిగింది.

"మీరు టీచరట. గవర్నమెంటు ఉద్యోగం చేసుకుంటూ మీ అబ్బాయిని ఇందులోకి ఎందుకు దించారు?"

"అది బొమ్మ సార్" అన్నాడు కైలాసం.

సర్కిల్ కార్డును అటూ ఇటూ తిప్పాడు. "బొమ్మ ఎక్కడుంది?"

"బొమ్మ ఉండదు సార్. మాట ఉంటది. ఆ మాట ప్రకారం చేస్తే అదే బొమ్మ. విదేశాలల్ల గొప్ప గొప్ప ఆర్టిస్టులు ఇరవై ఏండ్ల సంది నాకు పంపుతుండ్రు..."

చెబుతుంటే ఆయనకే తన గొంతు పిచ్చివాడి గొంతులా వినిపించింది. గుమ్మం దగ్గర జవాను నవ్వు ఆపుకుంటున్నాడు. కైలాసం గబగబా తల్లి కొంగులోని పుస్తకం వెనక సంచిలోంచి మిగిలిన పదకొండు కార్డులూ తీశాడు. కుంకుమ దులిపి బల్ల మీద వరసగా పరిచాడు. నలిగిన కార్డును వేలితో చూపించి, ఇవ్వండి సార్ అన్నట్టు చూశాడు. సర్కిల్ దాన్ని ముందుకు తోశాడు. కైలాసం దాన్ని చివర పెట్టగానే, పన్నెండు కార్డుల కింది అంచున సన్నని గీత ఒకటి ఆ చివరి నుంచి ఈ చివరికి ఎక్కడా తెగకుండా కలిసింది.

"చూడండి సార్. ఒక్కటే కాగితం. ఒకాయనే చేసిండు. పన్నెండూ ఒక్క జట్టు."

సర్కిల్ ముందుకు వంగి చూశాడు. గీత వెంబడి గోటితో రాసుకుంటూ పోయాడు. ఒక కార్డు తీసి పైకి చదివాడు. "ఒక రాయిని పొరుగువాడికి ఇవ్వు. మరునాడు తిరిగి అడుగు." జవాను కిసుక్కున నవ్వాడు. ఇంకొకటి తీశాడు. "ఒక పూట నీ పేరు ఎవరికీ చెప్పకు." ఈసారి ఎవరూ నవ్వలేదు.

"పేరు చెప్పొద్దంటున్నాడేమిటి మాస్టారూ?"

"గదీ గట్లనే సార్. ఆటలాంటిది."

"వంతెన మీద గంటకొక ఎర్రబస్సు పోతుంది. ఆటే అయితే మీవాడు గంటలో ఇంటికి పోవాలి. పొద్దంతా ఎందుకున్నాడు?"

"నిన్న బంద్ సార్. బస్సుల్లేవు."

"నేనడిగేదీ అదే. బంద్ రోజే ఎందుకు?" సర్కిల్ కుర్చీలో వెనక్కి వాలాడు. "సరే, ఒకటి చెప్పండి. ఇలాంటివి ఇరవై ఏళ్ల నుంచి మీకు వస్తున్నాయన్నారు. వీటిలో మీరు ఎన్ని చేశారు?"

కైలాసం బల్ల మీది కార్డుల వరస సర్దాడు.

"ఒక్కటైనా చేశారా?"

"లేదు సార్."

"ఒక్కటి కూడా?"

"లేదు సార్. దాచుకున్న."

"మీరే చెయ్యలేదు. ఇంత ఇష్టం ఉన్న మీరే ఒక్కసారి కూడా చెయ్యలేదు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఉత్తగా ఈ కార్డు చూసి వంతెన మీద పొద్దంతా నిలబడ్డాడంటే నన్ను నమ్మమంటారు."

కైలాసం బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కటంటే ఒక్కటి చేసి ఉంటే, ఒక్క రాయి పొరుగువాడికి ఇచ్చి ఉంటే, ఆ పొరుగువాణ్ణి అయినా ఇప్పుడు సాక్ష్యానికి పిలిచేవాడు. కొడుకు ఆ గోడ వెనకే ఎక్కడో ఉన్నాడు. ఈ గది దాటితే మళ్లీ కళ్లతో చూస్తానో లేదో తెలియదు.

"నేను చేసిన సారూ" అంది గంగుబాయి.

అందరూ ఆమె వైపు తిరిగారు. ముసలావిడ పుస్తకాన్ని కళ్లకద్దుకుని, బల్ల మీద పెట్టి తెరిచింది. "గీ పుస్తకం సుత గాయినదే. ఆఖర్ల ఏదో రాసున్నదట. సదివి చెప్పు కొడుకా సారుకు."

కైలాసం చివరి పేజీ తిప్పి చదివాడు. ఎవరి చేతిలో ఉంటే వారు పూర్తి చెయ్యాలి. ఆ వాక్యాన్ని ఆయన ఎన్నిసార్లు చదివి మురిసిపోయాడో లెక్కలేదు. అది తనతో అంటున్న మాట అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

సర్కిల్ బూట్లున్న కాళ్లు బల్ల కింద నుంచి వెనక్కి లాక్కున్నాడు. ఒక్కొక్క పేజీ తిప్పాడు. శ్రీరామ, శ్రీరామ, శ్రీరామ. మొదట్లో గుండ్రంగా, పోనుపోను చెయ్యి వణికి వంకరగా.

"ఎవరు రాయమన్నారమ్మా దీంట్లో?"

"ఎవ్వలు చెప్తరు? నాకు ఇంగ్లీషు రాదు. ఖాళీగ ఉన్నది, రాసిన. నా మనుమనిది సుత నా అసుంటి బుద్దే సారూ. నిలవడమని ఉన్నది, నిలవడ్డడు. ఎర్రది దాటలేదు, కదలలేదు. వానికి గంతకన్న తెల్వదు. మా కైలాసానికి బుద్ధెక్కువ. అందుకే దాసుకున్నడు."

సర్కిల్ పుస్తకం మూశాడు. జవాను వైపు చూసి, కుర్రాణ్ణి తీసుకురమ్మన్నాడు. తరువాత కైలాసంతో, "పిలిచినప్పుడల్లా రావాలి. కార్డులు, పుస్తకం ఇక్కడే ఉంటాయి" అన్నాడు.

గంగుబాయి పుస్తకం మీద చెయ్యి వేసింది. అది ఆమె మొక్కు. నిండిన రోజు ధర్మపురి నరసింహస్వామి దగ్గర అప్పగించాలని మూడేళ్ల నుంచి కలలు కంటోంది. కైలాసం తల దించుకున్నాడు. తను దాచుకున్నది పొయ్యిపాలైంది, తల్లి రాసుకున్నది ఠాణాపాలవుతోంది. రెండూ తన వల్లే.

"రాముడు కొన్ని దినాలు గీడ ఉంటడు తియ్" అంది ఆమె చివరికి. "కని పేజీ సగంల ఇడవొద్దు. జర కలం ఇయ్యి సారూ."

సర్కిల్ జేబులోంచి తన పెన్ను తీసి ఇచ్చాడు. ఆమె అదే బల్ల దగ్గర నిలబడి, కళ్లజోడు సర్దుకుని, మిగిలిన వరసలు రాసింది. కైలాసం పేజీ కదలకుండా అంచు పట్టుకున్నాడు. మూడేళ్ల కింద ఇదే పుస్తకం కోసం తల్లి ముఖం చూడటం మానేసిన కొడుకు, ఇప్పుడు ఒక్కొక్క అక్షరానికి లోపల దండం పెట్టుకున్నాడు.

అంబదాస్‌ను ఒక జవాను రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. కింది పెదవి చిట్లింది. తండ్రిని చూసి నవ్వబోయి ఆపేశాడు. కైలాసం వాణ్ణి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

బస్సు ఠాణా దగ్గర ఆగదు. వంతెన మొదట్లో చెయ్యెత్తితే ఆపుతారు. అక్కడి దాకా ముగ్గురూ మెల్లగా నడిచారు. అంబదాస్ అక్కడ ఆగలేదు. కుంటుకుంటూ వంతెన మీదికి ఎక్కి, పిట్టగోడ పట్టుకుని నిన్న నిలబడ్డ చోటికే పోయి నిలబడ్డాడు. కింద గోదావరి నడుమ ఇసుక మేటలు తేలి ఉన్నాయి. కైలాసం వెనకాలే పోయాడు.

"ఎందుకు బిడ్డా? బంద్ అని ఎరుక లేదా?"

"తెల్లారకముందే లారెక్కి వచ్చిన, దిగినంక ఎరుకైంది బాపూ. గంట పని, ఎర్రబస్సు దాటంగనే ఇంటికొద్దామనుకున్న. ఒక్క బస్సు రాలే."

"మరి మర్లి రావద్దా?"

"ఎర్రది దాటలే గద. దాటకుంట వస్తె చేసినట్టెట్లయితది?" అంబదాస్ పెదవి నెత్తురు తుడుచుకున్నాడు. "నువ్వు గన్నేండ్ల సంది దాసుకున్నవ్. మనింట్ల ఒక్కలన్న చేసి, ఎట్లుంటదో నీకు చెప్దామనుకున్న. లోపట సుత గదే చెప్పిన బాపూ. మా బాపు కార్డు, బొమ్మ అన్న. బొమ్మ అన్నకొద్ది కొట్టిండ్రు. నన్ను తీస్కపోయిన జీపు సుత ఎర్రది కాదు."

కైలాసం కొడుకు తలను ఛాతీకి అదుముకున్నాడు. ఇంటికి పోయాక సందుగ మాట ఎట్లా చెప్పాలో ఆయనకు తెలియలేదు. "కాయితాలు లేవురా. మీ అవ్వ అన్ని కాలవెట్టింది" అన్నాడు చివరికి. అంబదాస్ తండ్రి చేతి మీది బొబ్బలను వేళ్లతో తడిమాడు.

ఆదిలాబాద్ వైపు నుంచి బస్సు వచ్చింది. రేకు పెచ్చులూడిన ఎర్రబస్సు. తమ ఊళ్లో ఆగేవాటిలో ఆ పూటకు అదే ఆఖరుది. కైలాసం చప్పున చెయ్యెత్తాడు. డ్రైవరు వేగం తగ్గించాడు.

"ఆపకు బాపూ" అన్నాడు అంబదాస్. "దాటనియ్యి."

కైలాసం కొడుకు వాచిన పాదాల వైపు చూశాడు. పిట్టగోడకు ఆనుకుని రొప్పుతున్న తల్లిని చూశాడు. అవతలి ఒడ్డున తమ ఊరి ఇండ్లు కనబడుతున్నాయి, కాని ఈ కాళ్లతో అది ఎంత దూరమో ఆయనకు తెలుసు. చెయ్యి దించేశాడు. డ్రైవరు ఏదో తిట్టి మళ్లీ గేరు మార్చాడు. బస్సు ముగ్గురి ముఖాల మీద వేడిగాలి కొట్టి దాటిపోయింది. కైలాసం అది వంతెన ఆ చివర మలుపు తిరిగేదాకా కళ్లార్పకుండా చూస్తూ నిలబడ్డాడు.

"ఉన్న ఒక్క బస్సు ఇడిసిపెడ్తిరి. తాతలు మొక్కిన దేవుండ్లు మిమ్మల్ని బాగ సూడ" అని గంగుబాయి గొణిగింది.

"ఇగ పోదాం బాపూ" అన్నాడు అంబదాస్.

కైలాసం వంగి, పంతొమ్మిదేళ్ల కొడుకును వీపు మీద ఎక్కించుకున్నాడు. వద్దు వద్దంటున్నా వినలేదు. వెనక తల్లి కొంగు దులుపుకుంటూ నడుస్తుంటే, కాలిన చేత్తో కొడుకు మోకాలు గట్టిగా పట్టుకుని, ఏడ్చుకుంటూ ఊరివైపు నడిచాడు.